రాత టీచరమ్మగారిది, ఏడుపు నాది

మంగళవారం రాత్రి

రాయి కోడలా, నేనన్నది అన్నట్టే రాయి.

ఇవాళ టీచరమ్మగారి కూతురు రాజోలు నుంచి వచ్చింది. మీ మావగారు మస్కట్‌లో ఉండగా, చదువురాని నేను చెప్తుంటే ఉత్తరాలు రాసిపెట్టింది టీచరమ్మగారే. ఆయన పోయాక అవన్నీ ఆయన పెట్టెలో నా దగ్గరికే తిరిగొచ్చేయి. మొన్న టీచరమ్మగారూ పోయేరు.

“అమ్మ చేతిరాత ఇంకెక్కడా మిగల్లేదండి పిన్నిగారూ. అవి నాకిచ్చేయండి,” అంది.

“రాత మీ అమ్మదే. అందులో ఏడుపు నాది. కింద కాటుకతో వేసిన వేలిముద్రా నాదే,” అన్నాను.

“ఆయ్, కాదన్లేదండి. ఒక్కటైనా ఇవ్వండి,” అంటూ కాగితం మీద అక్షరాలు తడిమింది. నేనూ రోజూ అలాగే తడుముతాను. మనసాగక చేతికందింది ఇచ్చేసేను.

ఇప్పుడు నిద్ర పట్టట్లేదు. ఏ ఉత్తరం ఇచ్చేనో? మీ ఆయన పుట్టేడన్న ఉత్తరమా, చంటిది పోయిందన్న ఉత్తరమా? మిగిలినవి చదివితే తెలిసిపోతుందంటున్నావు నువ్వు. వద్దు. మొగుడితో చెప్పుకున్న మాటలు కోడలి నోట వినలేను. రాసిపెట్టిన ఆవిడా లేరు, అందుకున్న ఆయనా లేరు.

ఇదీ రాసేవా? సరే, ఉండనీ. ఆ కాటుక ఇలా తే, కింద వేలిముద్ర వేస్తాను.