రంగు లేని చుక్కలు

జగ్గయ్యపేట,
3-7-1961

ప్రియమైన జయమణికి నాన్న దీవెనలు.

మీ అమ్మ వంట చేసే బోర్డింగులో ఏడుగురు పిల్లలకు టైఫాయిడ్. ఇద్దరు నందిగామ ఆసుపత్రిలో ఉన్నారు. అంతా మీ అమ్మ చేతి వంట వల్లేనట! వార్డెను వరప్రసాదరావు గారు పొయ్యి దగ్గరికి రావద్దన్నారు. పదమూడేళ్ళు వండిపెట్టిన మనిషమ్మా! నువ్వు లాబులోనే ఉన్నావు కదా, మీ అమ్మ పున్నమ్మలో ఏ క్రిమీ లేదని కాగితం పంపు. వాళ్ళ నోళ్ళు మూయిస్తా.

మీ నాన్న,
స్తెఫను

గుంటూరు,
6-7-1961

ప్రియమైన నాన్నగారికి వందనాలు.

పరీక్ష చెయ్యకుండా కాగితం ఇవ్వను, కోప్పడినా సరే. మందునీళ్ళతో సీసా పంపుతున్నా. అమ్మ మలం కొంచెం అందులో వేసి బస్సులో పంపండి. పళ్ళెంలో జున్నులా గడ్డకట్టిన అగరు అనే క్రిముల మేత మీద దాన్ని గీస్తే, మర్నాటికి క్రిములు చుక్కలుగా పెరుగుతాయి. అందరి కడుపులో ఉండే మామూలువి గులాబీ రంగులో వస్తాయి. టైఫాయిడువి రంగు లేకుండా వస్తాయి. జ్వరం లేని మనిషిలోనూ అవి ఉండొచ్చు.

మీ జయ

గుంటూరు,
11-7-1961

నాన్నగారూ,

సీసాని ఏం చేశారు? పళ్ళెంలో ఒక్క చుక్కా లేదు, గులాబీవి కూడా! పక్కబల్ల ఆయన "క్రిమి లేదని రాసెయ్యమ్మా" అన్నాడు. చచ్చినా రాయనన్నా.

జయ

జగ్గయ్యపేట,
14-7-1961

అమ్మా జయా,

నీ ఆఫీసుకు వచ్చే సీసా కదా, పరువుగా ఉండాలని ఆ నీళ్ళు పారబోసి ఫినాయిలుతో కడిగా. అది తెలిసి మీ అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. "దొంగ కాగితం నాకెందుకు?" అంటోంది. రేపు తనే నీ దగ్గరికి వస్తోంది.

నాన్న

గుంటూరు,
20-7-1961

ప్రియమైన అమ్మకు,

నువ్విచ్చి వెళ్ళినదాంట్లో రంగు లేని చుక్కలు వచ్చాయమ్మా. చూపును నమ్మలేక మిగతా పరీక్షలూ చేశా. అవే. ఇక నువ్వు వంట చెయ్యకూడదు. రిపోర్టు మీద సంతకం నాదే. పెట్టాక ఏడ్చా.

నీ జయ

జగ్గయ్యపేట,
24-7-1961

నా తల్లి జయమణికి,

నేను చెబుతుంటే మీ నాన్న రాస్తున్నాడు. ఏడుపెందుకే పిచ్చిదానా? నీ కాగితం బోర్డింగులో అందరి ముందూ చదివించా. వార్డెను గారు "మేం చెప్పలా?" అన్నాడు.

"అయ్యా, పొయ్యి దగ్గరికి నేను రాను. ఊడ్చే పని ఇవ్వండి. నన్ను నా కూతురే పరీక్ష చేసింది. నీళ్ళు తోడే ఆరోగ్యమ్మని, పాలుపోసే పుల్లయ్యని, వడ్డించే మీ ఆవిణ్ణి ఎవరు చేశారు? ఇది నాకెవరి చేతినుంచి వచ్చింది?" అన్నా. అందరి పరీక్షకూ ఒప్పుకునేదాకా నేను గడపలోంచి లేవలా. సాయంత్రానికి ఒప్పుకున్నారు.

అక్కడ తిండి ముట్టుకునే తొమ్మిదిమందికీ తొమ్మిది సీసాలు పంపు. ఒకటి వార్డెను గారికి. ఫినాయిలు డబ్బా నా పెట్టెలో పెట్టి తాళం వేశా.

మీ అమ్మ
పున్నమ్మ వేలిముద్ర