నువ్వు పరిచిన సగం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సముద్రపు ఒడ్డు ఊరి కామందుకు నన్ను పిలిపించడానికి ఈ రోజే దొరికింది. ఆయన ముంగిట్లో పరిచిన నాపబండలు వానలకు కుంగిపోయాయట.

వెళ్లి చూస్తే కుంగింది సగమే. నువ్వు పరిచిన సగం మీద వడ్ల బస్తాల బండి నిలబెట్టి ఉంది. ఒక్క బండా కదల్లేదు. రెండో సగంలో ఒక బండ లేపాను. కింద ఇసుక చేత్తో తోడితే వచ్చేంత వదులుగా ఉంది.

"ఇది ఎవరు పరిచినారయ్యా?" అన్నాను.

"మా జీతగాళ్లే. మీ అన్న ఇసకకు నీళ్లు పోసి, గట్టిపడేదాకా దిమ్మిస కొట్టాల, ఆరినాక మళ్లీ కొట్టాల అన్నాడు. ఇంట్లో పెండ్లి పెట్టుకోని అంత తీరిక యాడుండాది? చాలించి పొమ్మన్నా."

పొమ్మన్నాడట. నువ్వు నీళ్లు పోసుకుంటూ రోజులు గడిపి, పని సగంలో వదిలి పారిపోయావని మనూరిదాకా చెప్పించింది ఈయనే. ఉదయగిరి గరుసు నేల మీద బండలు పరచడం తప్ప ఎరగని నేను, ఇసుకకు నీళ్లేమిటని ఆ మాట నమ్మాను. "పనిదొంగవి, పరువు తీసినావు" అని నీ మొహం మీదే అన్నాను. నువ్వు ఉలి నూరుకుంటూ కూర్చున్నావు. ఎందుకు చెప్పలేదన్నా? అంత పొగరేమిటి నీకు?

మిగతా సగం రెండు రోజుల్లో సరిచేయమన్నాడు కామందు.

"పది దినాలు పడతాది. నీళ్లు పోయాల," అన్నాను.

"నువ్వూ మీ అన్న మాదిరే ఉండావే," అన్నాడు.

నువ్వు బతికున్నప్పుడు ఎవరైనా ఆ మాట అని ఉంటే, వాణ్ణి కొట్టి ఉండేవాణ్ణి.