మొదటి పేరు నీదే రాశాను

అక్కా,

ఎట్లా ఉన్నావని అడిగే వీల్లేదు. నువ్వు పోయి మొన్నటి ఆదివారానికి ఏడాది నిండింది. పగలంతా ఎవరెవరికో ఉత్తరాలు టైపు కొట్టే నాకు, నీకు ఒక్క ముక్క రాయడానికి ఇంతకాలం పట్టింది. 'అక్కా' అని రాసి, ఆపైన చెయ్యి ఆడక చించేసిన కాగితాలు చాలానే ఉన్నాయి...

దీన్ని చించను. చిలమత్తూరుకు అవతల, నువ్వు చివరి పదకొండు రోజులు పనిచేసిన బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా ఎండెక్కలేదు. లోపల జబ్బుమనుషుల మూలుగులు ఇప్పుడు లేవు. నేనిక్కడికి ఎట్లా వచ్చానో చెప్తాను.

ముందు ఇంటి సంగతి. పోయిన ఏడు వేసిన శెనక్కాయ కాయ కట్టలేదు. ఈ ఏడు మబ్బే లేదు. నాయన గొర్రెలను మైసూరు సీమ వైపు తోలుకుపోయి, సగం అక్కడ అమ్మి, ఇంకొన్నిటిని దారిలో పోగొట్టుకుని వచ్చాడు. మిగిలినవి పన్నెండు. ఆ కాస్త ఉన్నినే పొద్దస్తమానం కదురు మీద వడుకుతుంటాడు.

నాతో మాట్లాడడు. నువ్వు పోయావని వచ్చిన టెలిగ్రాం చదివి వినిపించింది నేనే. అంతా విని ఒక్కమాట అడిగాడు. "దాని పేరు రాసింది నువ్వేనా?"

"అవు నాయనా" అన్నాను. అబద్ధం ఎట్లా చెప్పను? ఆ పూట మొదలు ఈ ఏడాదంతా నేను పెట్టింది తిన్నాడు, నా ఎదురుగానే కూర్చున్నాడు. మాట మాత్రం లేదు.

ఆఫీసులో అదే కుర్చీ, అదే టైపు మిషను. బయటి దేశాల వాళ్ళు కరువు సాయానికి పెట్టిన సంస్థ కదా, అందులో పని దొరికితే కష్టాలు గట్టెక్కినట్టేనని జనం అనుకుంటారు. పోయిన నెల ఇంకో ఊరి పాలకేంద్రానికి ఇద్దరు ఆయాలు కావాలని గోడ మీద కాగితం అంటిస్తే, తెల్లారేసరికి గేటు ముందు నూరుమందికి పైగా ఉన్నారు. బత్తలపల్లె నుంచి నడిచి వచ్చినవాళ్ళున్నారు. చంకలో పిల్లలు. ఇద్దరిని తీసుకుని మిగిలినవాళ్ళకు లేదని చెప్పడమే నా ఉద్యోగం. లేదని చెప్పీ చెప్పీ నోరు ఎండిపోతుంది అక్కా. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగినా ఆ ఎండిపోవడం పోదు.

నీకు గుర్తుందా, మొదట్లో నేను ఆ లేదనే ఉత్తరాలు ఇంగ్లీషులో కొట్టేవాణ్ణి. వాళ్ళకేమో చదవను రాదు. ఆ కాగితం పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చేవాళ్ళు, ఇందులో ఏం రాసుందో చెప్పు సామీ అని. నేను రాసిన 'లేదు'ను నేనే చదివి చెప్పాలి. ఆ సంగతి ఇంట్లో చెప్పుకుంటే నువ్వు సంగటి కెలుకుతూ అన్నావు. "ఇంగ్లీషులో కొడితే దెబ్బ తగలదనుకుంటివా? తెలుగులో రాయి. చదువుకున్నోళ్ళు పక్కింట్లో ఎవురో ఒకరు ఉంటారు. అంత దూరం నడిచి రావాల్సిన పని తప్పుతాది." మరుసటి రోజు నుంచి తెలుగులోనే రాశాను. ఇప్పటికీ అట్లానే రాస్తున్నాను.

అసలు ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది నువ్వే. మన రాప్తాడు పాలకేంద్రంలో పాలపొడి కలిపే పనికి నువ్వు ముందు చేరావు. మా తమ్ముడు ఎస్సెల్సీ చదివినాడు, టైపు కూడా వచ్చు అని మేనేజరు దొరకు సైగలతో చెప్పి నన్ను పిలిపించావు. ఆరు నెలలు తిరిగేసరికి సిబ్బంది లెక్కలన్నీ నా చేతికి వచ్చాయి. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరికి సెలవు, ఎవరు ఏ కేంద్రానికి పోవాలి... అన్నీ. నువ్వు నవ్వావు. "ఇంట్లో నేను చెప్పినట్లు నువ్వు ఇను, ఆడ నువ్వు చెప్పినట్లు నేను ఇంటా. సరిపాయ."

సరిపోలేదు కదా అక్కా...

పోయిన ఎండాకాలం ఈ పల్లెల్లో కలరా వచ్చింది. ఇక్కడి నర్సులకు తోడుగా ఆరుగురు ఆడమనుషులు కావాలి, సాయంత్రంలోగా పేర్లు ఇమ్మని దొర అడిగాడు. చంటిపిల్లలున్నవాళ్ళను తీసేశాను. అంతకుముందు ఇట్లాంటి పనికి పోయొచ్చినవాళ్ళను తీసేశాను. ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురిలో ఒకరు ఆగిపోవచ్చు. ఎవరు?

నీ పేరు కొట్టేస్తే అక్కను దాచుకున్నాడంటారు. అది నాకు పెద్ద భయం. అందుకని అందరికంటే ముందు నీ పేరే రాశాను. మిగతా ఆరుగురిలో అందరికన్నా చిన్నది, నువ్వు చెయ్యి పట్టి పని నేర్పిన బత్తలపల్లె సాలమ్మ. ఆమె పేరు వదిలేశాను. దొర జాబితా చూసి, సొంత అక్క పేరు మొదట పెట్టావు, నీది నిష్పాక్షికమైన మనసు అని మెచ్చుకున్నాడు. నాకు సంతోషమైంది. నిజం చెప్తున్నాను, ఆ పూట నాకు నిజంగానే సంతోషమైంది.

అందరినీ వరుసగా నిలబెట్టి పేర్లు చదివాను. నువ్వూ అందరితో పాటే విన్నావు. ఇంటికొచ్చాక నా వైపు తిరగకుండానే పని చేసుకున్నావు. గుడ్డలు మూట కట్టుకుంటూ అప్పుడన్నావు. "పేరు రాసినందుకు కాదప్పా. అడిగుంటే నేనే పోతాననేదాన్ని. ఒక్కమాట అడగలేదే, దానికి బాధ."

తిరిగొచ్చాక సర్దిచెప్పుకోవచ్చులే అనుకున్నాను. పొద్దున జీపెక్కావు. పన్నెండో రోజు టెలిగ్రాం వచ్చింది.

నీకు జబ్బు పొద్దుననే మొదలైనా మధ్యాహ్నం దాకా ఎవరికీ చెప్పలేదట. పడుకుంటే నీళ్ళు కాచేవాళ్ళు ఉండరని అనుకున్నావట. నర్సు చెప్పింది. సూదిమందు వేయించుకునే వచ్చావు, అయినా... పొద్దు కుంకేటప్పటికి అయిపోయిందట.

ఆ తర్వాత నేను చేసిన పని ఒకటుంది. అది మంచో చెడో నాకిప్పటికీ తెలియదు. రాప్తాడులో నీ ఖాళీని నింపలేదు. అర్జీలు వస్తూనే ఉన్నాయి, కట్ట కట్టి బీరువాలో పెట్టేశాను. నీ పనీ తన పనీ రెండూ సాలమ్మే చేసింది. ఏడాది పాటు. ఒక్కరోజు కూడా నన్ను నిలదీయలేదు. ఆమె చేతులు పాలపొడి వేడినీళ్ళలో నాని పగిలిపోవడం చూస్తూనే ఉన్నాను. చూసి ఇంకోవైపు తిరిగేవాణ్ణి. నీ చోట ఇంకొకరి పేరు రాయడానికి చెయ్యి రాలేదంటే, ఆమె చేతులు పగిలినందుకు అది సమాధానమవుతుందా?

ఈ ఎండాకాలం మళ్ళీ ఇక్కడి నుంచే కబురొచ్చింది. మళ్ళీ కలరా. మళ్ళీ ఆరుగురు. దొర ఈసారి నా మొహం చూడకుండానే అడిగాడు. ఆయన కూడా అలిసిపోయాడక్కా. వచ్చినప్పటి రంగు లేదు, మెడ మీద చెమటకాయలు, ఊరికి ఉత్తరాలు రాసుకోవడం కూడా మానేశాడు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఒకరోజంతా కూర్చుని ఆరు పేర్లు రాశాను. ఈసారి కూడా సాలమ్మను వదిలేశాను. ఎందుకంటే... నీలాగే ఆమె కూడా తిరిగి రాకపోతే?

గోడ మీద కాగితం అంటించిన గంటకు ఆమె నా బల్ల ముందుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోయినసారి నన్ను తీసేస్తివి, అక్క పోయింది. ఈసారీ తీసేస్తివి. నేను పోతానో పోనో ఒక్కమాట అడిగినావా అన్నా?"

నువ్వు ఇంట్లో నాతో అన్న మాటే అది, ఆమెకు తెలిసే దారి లేదు. నేనెవరికీ చెప్పలేదు. ఆమె వెళ్ళాక లేచి గోడ మీది కాగితం పీకేశాను.

మరుసటి రోజు అందరినీ పిలిచి జబ్బు సంగతి చెప్పాను. సూది వేసుకున్నా రావచ్చు అన్నాను. నీ సంగతి కూడా చెప్పాను, పేరు పెట్టి. వచ్చేవాళ్ళు చెయ్యెత్తండి, ఎత్తనివాళ్ళ పేరు ఎక్కడా రాసుకోను అన్నాను. సాలమ్మ ఎత్తింది. ఇంకో ఇద్దరు ఎత్తారు. అంతే. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. వాళ్ళను తప్పుపట్టలేను...

అడిగితే ఇట్లాగే అవుతుందని నాకు తెలుసు అన్నాడు దొర. నాలుగో పేరు నాది అన్నాను. గుమాస్తా పోతే ఆఫీసు ఎవరు చూస్తారన్నాడు. కొన్నాళ్ళు తాళం వేయండి అన్నాను. అంత మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. సరే అన్నట్టు తలూపాడు. సాయంత్రం ఇంకో మనిషి ఒంటరిగా వచ్చి నేనూ వస్తానంది. అయిదుగురమయ్యాం. ఆరో మనిషి రాలేదు. అయిదుగురితోనే బయలుదేరాం.

ఇంటికి పోయి నాయనకు చెప్పాను, చిలమత్తూరు పోతున్నానని. కదురు ఆగింది.

"ఎవురు రాసినారు నీ పేరు?" అన్నాడు. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట.

"నేనే రాసుకున్నా నాయనా."

లేచి లోపలికి పోయాడు. తాను కప్పుకునే కంబళి తెచ్చి నా మూట మీద పెట్టాడు. "ఆడ నేల సల్లగుంటాది" అన్నాడు. ఈ ఎండల్లో నేల ఎక్కడ చల్లగా ఉంటుంది? కంబళిని మూటలో కట్టుకున్నాను.

ఇక్కడ నేను చేసింది పెద్దదేమీ కాదు. నీళ్ళు తోడాను, కాచాను, బావిలో బ్లీచింగ్ పొడి వేశాను, చాపలు తగలబెట్టాను. మూడు రోజులు చేసేటప్పటికి నడుము విరిగింది. నువ్వు పదకొండు రోజులు ఎట్లా చేశావో... సాలమ్మ మాత్రం నీలాగే చేస్తుంది. మనిషి తలను మోచేతి మీద ఆనించుకుని, చెంచాతో కొంచెం కొంచెం తాగిస్తుంది. ఒకసారి వెనకనుంచి చూసి నువ్వే అనుకున్నాను. పిలవబోయి ఆగిపోయాను.

ఇద్దరు పోయారు. ఒకాయన ముసలాయన, ఇంకొకామెకు నీ వయసే ఉంటుంది. మిగిలినవాళ్ళంతా లేచి నడుచుకుంటూ ఇళ్ళకు పోయారు. మాలో ఎవరికీ రాలేదు.

నిన్న ఒక సంగతి జరిగింది. రోజూ మాకు కట్టెలు తెచ్చి పడేసే ముసలామె ఒకామె ఉంది. పోయిన ఏడు కలరా వచ్చి బతికిన మనిషి. నేను నీ తమ్ముణ్ణని ఎవరు చెప్పారో, కట్టెలు దించి నా పక్కన చతికిలబడింది.

"నాకు నీళ్ళు తాపుతా చెప్తాండె మీ యక్క. మా తమ్ముడు ఆఫీసులో ఉండాడు, మొదటి పేరు నాదే రాసినాడు అని."

నవ్వుతా చెప్పిందా, కోపంగా చెప్పిందా అని అడిగాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏమో అప్పా. నాకా పొద్దు కండ్లు కనపడలే. గొంతొకటే యినపడేది."

ఇంకోసారి అడిగాను. గొంతు ఎట్లా ఉండింది అని. "మంచి గొంతు" అంది. అంతకుమించి ఆమెకు తెలియదు. నాకూ తెలియదు, ఎప్పటికీ తెలియదు. నీ ఒక్కదానికే తెలుసు. ఎట్లా చెప్పావక్కా?

ఈరోజు పది గంటలకు హిందూపురం బస్సు వస్తుంది. అందరం తిరిగి పోతున్నాం. పొద్దున సాలమ్మను పిలిచి, రాప్తాడు కేంద్రంలో ఆయాలకు పెద్దగా ఉండే పని, అంటే నీ పని, ఆమెకు రాయమంటావా అని అడిగాను. ఆయాగా ఆమె చేస్తున్న పనికి ఇంకో మనిషిని చేర్చుకుంటానని కూడా చెప్పాను. వెంటనే సరే అంటుందనుకున్నాను. అనలేదు. ఇంటికి పోయి అమ్మతో మాట్లాడుకుని, ప్రార్థన చేసుకుని, సోమవారం చెప్తానంది.

సోమవారం దాకా ఆగుతాను అక్కా. ఒప్పుకుంటే నీ చోట ఆమె పేరు రాస్తాను. ఒప్పుకోకపోతే బీరువాలోని అర్జీల కట్ట విప్పుతాను. ఏది చేసినా ఆ చోటును ఇక ఖాళీగా ఉంచను. ఇది మాట.

వాళ్ళు మూటలు సర్దుతున్నారు. నేనూ లేవాలి.

నీ తమ్ముడు,
ఓబులేసు