బూరెగాడి పొట్లాలు

నరసరావుపేట,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు,

చెల్లెలు సుజాత నమస్కారాలు. నేనూ బూరెగాడూ ఇక్కడ కులాసా. వాడి సంగతి కూడా కలిపే రాస్తున్నాను, గమనించు. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? వదినకు బడిలో పరీక్షల హడావిడి మొదలైందా? నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావా, లేక వదిన అడిగినప్పుడు తల ఊపేసి ఊరుకుంటున్నావా? ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో బూరెగాడి మాట ఎత్తితే రెండో నిమిషంలో నీ గొంతు పెరుగుతుంది, మూడో నిమిషంలో నాకు ఏడుపొస్తుంది. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు.

నెల క్రితం నువ్వన్న మాటలు నాకు గుర్తున్నాయి. "తిండి మానేశాడు, గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు, వెనక కాళ్ళు లేవవు. పదమూడేళ్ళు బతికాడు కదే. ఇంకా ఎందుకు వాణ్ని బాధపెట్టడం? డాక్టరుతో చెప్పి ఇంజెక్షన్ చేయించేయ్" అన్నావు. ప్రేమ లేక అన్న మాట కాదని తెలుసు. పిడికెడంత కుక్కపిల్లను చొక్కాలో దాచుకుని వానలో తడుస్తూ ఇంటికి తెచ్చింది నువ్వే. నేను నెల రోజులు గడువు అడిగాను. ఆ నెల నిన్నటితో అయిపోయింది. జవాబు రాస్తాను, కానీ ముందు ఇక్కడి సంగతులు చెప్పనీ.

ఉద్యోగం బాగానే ఉంది. కాలేజీ ల్యాబులో రోజుకు నాలుగు బ్యాచీలు. పిల్లలు మంచివాళ్ళే, గాజుసామాను మాత్రం వాళ్ళ చేతుల్లో నిలవదు. ఎండలు అప్పుడే ముదిరాయి. పది దాటితే స్కూటరు సీటు మీద చెయ్యి ఆనించలేం. ఇక కారం సంగతి అడగకు. మొదటి వారం మెస్సులో పప్పును కూడా కడుక్కుని తినాలనిపించింది. ఇప్పుడు అలవాటైపోయి, మన ఇంటి కూరలు చప్పగా అనిపిస్తాయేమోనని భయంగా ఉంది. ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకు. ఇక్కడి మాటా ఘాటే. "ఏంది?" అని అడిగితే కోపం కాబోలని మొదట్లో బెదిరిపోయేదాన్ని. ప్రేమ వచ్చినా అదే "ఏంది" అని తర్వాత తెలిసింది.

సాయంత్రాలు మాత్రం దిగులుగా ఉండేది. లోపల బూరెగాడు ఉన్నాడని తెలుసు, తాళం చప్పుడైనా తల తిప్పడనీ తెలుసు. అందుకని తాళంచెవి చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయేదాన్ని.

నేనుండేది ఒక కిరాణా కొట్టువాళ్ళ ఇంటి వెనకవాటాలో. ఇంటాయన తల్లి, ఎనభై దాటిన మామ్మగారు, పగలంతా వసారాలో పీట వేసుకుని కూర్చుంటారు. ఆవిడకూ కర్ర లేకపోతే అడుగు పడదు. పైగా మడి మనిషి. కుక్కను ముట్టుకోవడం మాట దేవుడెరుగు, కుక్కను ఎత్తుకుని నేను ఎదురొస్తే చీర కుచ్చెళ్ళు దగ్గరకు లాక్కుంటారు. అలాంటి ఆవిడ, నువ్వు ఫోను చేసిన మర్నాడే, కర్ర పొడుచుకుంటూ వచ్చి నా గది కిటికీలోంచి చూశారు.

నేను బూరెగాడికి మెత్తటి పరుపు కొన్నాను. వెలుతురు కళ్ళలో పడకూడదని తెర వేశాను. చప్పుడు కాకుండా తలుపు మూశాను. అన్నం చేత్తో కలిపి నోటికి అందించేదాన్ని. ఇంతకన్నా సుఖం ఏం కావాలని నా లెక్క.

"ఏందమ్మాయ్, దాన్ని అట్టా చీకట్లో పడేశావు?" అన్నారు మామ్మగారు.

"ముసలివాడు మామ్మగారూ, కాళ్ళు లేవవు. కాస్త విశ్రాంతిగా ఉంటాడని..."

"విశ్రాంతంట! నా కోడలు కూడా ఇట్టానే నన్ను మంచానికి అతికిద్దామని చూసింది. నాలుగు రోజులు పడుకున్నా. అయిదో రోజు పొద్దునో సాయంత్రమో తెలవలా నాకు. లేచొచ్చి చింతపండు ముందేసుకుని గింజలు తియ్యను కూసున్నా. కాళ్ళు పోతే పోయినయ్, బుర్రకి పనుండొద్దా? బయటికి తీసుకురా దాన్ని. నోట్లో పెట్టి తినిపియ్యమాక. సంపాదించుకు తిననియ్."

నాకు నవ్వొచ్చింది. కదలలేని కుక్క ఏం సంపాదిస్తుందన్నాను. ఆవిడ మనవరాలి పాత నోట్సులోంచి ఒక కాగితం చింపి, నేను ఉడకబెట్టిన చిలగడదుంపలోంచి గోరంత ముక్క నా చేత అందులో పెట్టించుకుని, రెండు మడతల్లో పొట్లం కట్టేశారు. యాభై ఏళ్ళు కొట్లో పొట్లాలు కట్టిన చేతులు, అన్నయ్యా! ఇప్పుడు కొట్టంతా ప్లాస్టిక్ కవర్లే గానీ, ఆ వేళ్ళు ఏమీ మరచిపోలేదు. పొట్లాన్ని నేల మీద పెట్టించి, కర్రతో వాడి ముక్కు ముందుకు తోశారు.

వాడు చూడలేదు. రెండో రోజూ చూడలేదు. మూడో రోజు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "చూడు చూడు, బేరమాడుతున్నాడు" అన్నారు మామ్మగారు. నాలుగో రోజు ముందుకాలు పొట్లం మీద వేసి, పళ్ళతో పట్టుకుని చింపడం మొదలుపెట్టాడు. పావుగంట పట్టింది. తిన్నాక తలెత్తి, ఇంకోటి ఏదీ అన్నట్టు మామ్మగారి వంక చూశాడు. ఆ చూపు చూసి నాకు రెండు నెలలైంది. వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను.

అప్పటినుంచి వాడి పరుపు వసారాలోకి మారింది. కింద గోనెపట్టా పరిచాను, జారకుండా. వీధిలో వచ్చేపోయే వాళ్ళందరినీ ఇప్పుడు చూస్తాడు. పశువుల డాక్టరు వచ్చి చూసి, నొప్పి మాత్ర వేళ తప్పించొద్దని, పది నిమిషాలకు మించి ఆడించొద్దని, కాగితం మింగకుండా దగ్గరుండి చూడమని, పొట్లానికి దారం మాత్రం కట్టొద్దని చెప్పారు. మామ్మగారికి కోపం వచ్చింది. "దారం లేకుండా పొట్లం ఏందయ్యా!" అని ఒక పూటంతా సణిగారు. తర్వాత దారం లేకుండానే విప్పడానికి కష్టమయ్యే మడత ఒకటి కనిపెట్టారు.

ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి మూడు పొట్లాలు. నేను కాలేజీలో ఉంటే మామ్మగారే కర్రతో కాపలా. ఒకదాంట్లో తిండి, మిగతా రెండింట్లో మెంతులో ధనియాలో. ఏది తనదో వాడే తేల్చుకోవాలి. ఒక్కోసారి మూరెడు దూరంలో పెడితే ముందుకాళ్ళ మీద ఈడ్చుకుంటూ పోతాడు. ఒకరోజు కోడిగుడ్డు ముక్క పెట్టమన్నాను. "నా చేత నీచు పొట్లం కట్టిస్తావటే?" అని కర్ర ఎత్తారు. ఆ పొట్లం మాత్రం నేనే కట్టుకుంటున్నాను.

పోయిన వారం మామ్మగారు పరీక్ష పెడతానని ఒక పొట్లంలో ఇంగువ కట్టారు. వాడు గట్టిగా వాసన పీల్చి, ఏడెనిమిది తుమ్ములు తుమ్మి, ఆవిడకు వీపు చూపించి కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఎంత పిలిచినా తిరగలేదు. "తప్పయిందిరా నాయనా, ఇటు చూడు" అని ఎనభై ఏళ్ళ మనిషి బతిమాలింది. నాకైతే పట్టలేనంత సంతోషం వేసింది. బతుకు మీద విసుగు పుట్టినవాడు ఇలా అలగడు కదా అన్నయ్యా. చిన్నప్పుడు నువ్వు వాడి బంతి దాచేస్తే కూడా అచ్చం ఇలాగే అలిగేవాడు.

నిన్న నాకు సెలవు. మామ్మగారు ఇంట్లోవాళ్ళతో కారులో కోటప్పకొండకు వెళ్ళారు. పది గంటల పొట్లాలు నేను కట్టాను. నేను కట్టినవి కట్టినట్టే విడిపోయాయి. వాడు వాటిని ముక్కుతో పక్కకు నెట్టేసి గేటువైపు చూస్తూ ఉండిపోయాడు. పన్నెండు దాటాక కారు వచ్చి ఆగింది. మామ్మగారు ఇంకా కిందకు దిగలేదు, వీడు గోనెపట్టా దాటి వసారా అంచుదాకా ఈడ్చుకుంటూ వెళ్ళి మొరిగాడు. మనం మరచిపోయిన పాత గొంతు! ఇక్కడికి వచ్చాక అదే మొదటిసారి. ఇంటాయన ఉలిక్కిపడ్డాడు.

"వస్తన్నా వస్తన్నా! కాళ్ళు కడుక్కోనియ్ రా. ఏంది నీ జులుం!" అంటూ మామ్మగారు కర్ర వేగంగా పొడుచుకుంటూ వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా కాగితం అందుకున్నారు. ఇప్పటికీ వాణ్ని ముట్టుకోరు, అది వేరే సంగతి.

ఇక నీ వల్ల కావలసిన పని ఒకటుంది. ఇక్కడ కాగితాలు అయిపోతున్నాయి. అటక మీద నీ ఇంటర్ లెక్కల నోట్సులు ఉన్నాయి కదా, అవన్నీ పార్సిల్ చెయ్యి. నువ్వు ఎటూ తెరవలేదు, కనీసం బూరెగాడు తెరుస్తాడు. వాటితో పాటు వాడి పరుపు మీద పరచడానికి అమ్మ పాత నేతచీర ఒకటి, వదిన పెట్టిన వడియాలు కాసిన్ని పంపు. మామ్మగారికి రుచి చూపిస్తానని మాటిచ్చాను.

ఇప్పుడు జవాబు. వాడి కాళ్ళు మళ్ళీ రావు, ఆ ఆశ నేను పెట్టుకోలేదు. కంటిచూపు కూడా మందగిస్తోంది. కానీ ఇంజెక్షన్ ఇప్పుడు వద్దన్నయ్యా. ఎదురుగా పొట్లం పెట్టినా వాడు వాసన చూడని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నేనే నీకు ఫోను చేస్తాను, నీ మాట కాదనను. నువ్వు మాత్రం రైలెక్కి రావాలి. వాణ్ని తెచ్చిన చేతులతోనే చివరిసారి కూడా నువ్వే పట్టుకోవాలి, నా ఒక్కదాని వల్ల కాదు. ఈ లోపల నీకు తీరిక దొరికితే ఊరికే ఒకసారి వచ్చి వెళ్ళు. పొద్దున పదింటికి మాత్రం వాణ్ని పలకరించకు. ఆ వేళ వాడు పనిలో ఉంటాడు.

అమ్మకు, వదినకు నా నమస్కారాలు చెప్పు. పెద్దవాళ్ళ ఆశీస్సులు ఈసారి మా ఇద్దరికీ కలిపి పంపండి.

నీ చెల్లెలు,
సుజాత