రోడ్డు అవతల నుంచి చదివే పోస్టరు

4 ఫిబ్రవరి 2001, మదనపల్లె
ముప్పై ఏళ్ల కిందట మా ప్రెస్సు ఓనరు మాటిచ్చాడు — నేను అచ్చక్షరాలు పేర్చిన నాటకం పోస్టరులో ఒక్క అక్షరం కదపనని. భోజనానికి వెళ్లి వచ్చేసరికి కదిపేశాడు. నటుల పేర్లన్నీ లావయ్యాయి. తేదీ మూలకు నలిగిపోయింది. మరునాడే పని మానేశాను. ఇన్నేళ్లు గడిచాయి, ఆ మధ్యాహ్నం మాత్రం మరపుకు రాదు.

నాటక సమాజం నడిపే హార్మోనియం చెంగప్ప వచ్చాడు. కుప్పంలో నాటకమట. పుంగనూరులో ముప్పై మంది కూడా రాలేదు. ఈసారీ అంతే అయితే సమాజం ఎత్తేస్తారట. పోస్టరు వేసి పెట్టమన్నాడు. కాదనలేకపోయాను.

7 ఫిబ్రవరి
బస్టాండు గోడ నిండా పోస్టర్లు. ఎదురుగా టీ బంకు దగ్గర గంటసేపు నిలబడ్డాను. అన్నీ లావు అక్షరాలే... కన్ను ఎక్కడా ఆగదు.

8 ఫిబ్రవరి
రెండు కాగితాలు రాసి గోడకు అంటించాను. ముందు ఏది కనిపించిందని బంకు లక్షుమమ్మను అడిగాను. రెండోది చూపింది. విచిత్రం — దాని అక్షరమే చిన్నది! చుట్టూ ఖాళీ వదిలాను, అంతే.
“నన్ను ముందే అడగాల్సిందప్పా” అంది.

9 ఫిబ్రవరి
లావు ఒక్కదానికే — నాటకం పేరు. అందులో సగం, ఊరూ తేదీ. అందులోనూ సగం, నటులు. నాలుగో సైజు వద్దు.

13 ఫిబ్రవరి
నమూనా చూసి చెంగప్ప సరేనని తలాడించాడు. తరవాత నటులు వచ్చారు. ముఖ్యవేషం ముగ్గురు పంచుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు. పెద్దవాడు మునెప్ప కాగితాన్ని ముక్కుకు ఆనించుకున్నాడు.
“నా పేరు యాడుండాది?”
చూపాను. జనం వస్తే నీ మొహమే చూస్తారు కదా అన్నాను.
“వచ్చినోళ్లు సూస్తారు సామీ. రానోళ్లు నన్ను యాడ సూడాల?”
కాగితం మడిచి, అలాగే అచ్చు వేయించమని చెంగప్పకిచ్చాను.

18 ఫిబ్రవరి, కుప్పం
పోస్టర్లు పడ్డాయి. రోడ్డు అవతల నిలబడ్డాను. మూడు పేర్లూ నాటకం పేరంత లావు. తేదీ కోసం రోడ్డు దాటాల్సి వచ్చింది. గుడుపల్లె బస్సు కోసం నిలబడినామె గోడ వైపు చూసి, మునెప్ప ఇంకా ఆడతాండాడా అనుకుంది. నాటకం ఏ రోజో వెతకలేదు. బస్సెక్కింది.
చెంగప్పను నిలదీశాను. ముగ్గురూ అలిగినారు, ఏం సేసేది అంటాడు.

22 ఫిబ్రవరి
సాయంత్రం ఆరు. చాపలు పరిచారు. ఇంకా ఎవరూ... మునెప్ప సగం రంగు మొహంతో తెర సందులోంచి చూస్తున్నాడు. చెంగప్ప మీద కోపం రావడం లేదు. అక్షరం లావే మర్యాద అని ఈ నాటకాలవాళ్లకు మప్పినవాడు ఒక్కడే — ఆనాటి మా ప్రెస్సు ఓనరు రెడ్డెప్ప.