సుంకులమ్మకు వేసిన టీకా

కోసిగి,
18-7-1957

చిరంజీవి దావీదురాజుకు మీ నాన్న ప్రేమయ్య దీవెనలు.

ప్రభువు దయవల్ల నేనూ మీ అమ్మా లేచి తిరుగుతున్నాం. ఈ నెలలో ఈ ఊళ్లో క్షేమమంటే అంతమాత్రమే అనుకో. నీ జాబు శనివారం అందింది. మీ అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆమె దగ్గు తగ్గింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, అయినా చర్చిలో పాట ఎత్తుకోవడం మానలేదు. నువ్వు నీలగిరుల నుంచి పంపిన ఉన్నికోటు వేసుకోమంటే, కోసిగి ఎండకు ఇదేం కోటని నవ్వి పెట్టెలో పెట్టింది.

ఊళ్లో ఎన్ని ఇళ్లలో జ్వరం ఉందని అడిగావు. జ్వరం లేని ఇళ్లు చెప్పడమే తేలిక. మన వీధిలో రెండు. మద్రాసుకు, బొంబాయికి కూలికి పోయినవాళ్లు జూన్ మొదట్లో రైలు దిగారు. వాళ్లతోనే వచ్చిందని జనం దీన్ని రైలు జ్వరం అంటున్నారు. మూడు నాలుగు రోజులు ఒళ్లు కాగిపోయి, కీళ్లన్నీ విరిచేసి, చాలామందిని వదిలేస్తుంది. ముసలివాళ్లనూ చూలింతలనూ మాత్రం అంత సులువుగా వదలడం లేదు. వాన బాగా పడింది. నేల పదును ఆరిపోతోంది. విత్తనం వేయడానికి గొర్రు పట్టే మనిషి లేడు. మన వీధి తిమ్మన్న దుప్పటి కప్పుకుని చేనిగట్టు మీద కూర్చుని, లేవలేక ఎద్దుల వంక చూస్తున్నాడు.

అక్కడ నువ్వు చేసే పని గురించి రాసింది నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. రోగుల గొంతు కడిగిన నీళ్లలోంచి ఆ క్రిమిని పట్టి, పిల్ల కడుతున్న కోడిగుడ్లలో పెంచి, దాన్ని చంపి టీకా చేస్తారని. ఒక్కోసారి క్రిమి పెరగక వందల గుడ్లు పారబోయాల్సి వస్తుందని, తయారైనా ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకే చాలదని, ఎప్పటికి వస్తుందో పెద్ద డాక్టర్లే చెప్పలేకపోతున్నారని రాశావు. మీ అమ్మ అంతా విని, "మన కోళ్ల గుడ్లు గంపకెత్తి రైల్లో పంపిద్దామా?" అంది. నవ్వులాటకు కాదు.

నీ చివరి ప్రశ్నకు జవాబు రాయడానికే నాలుగు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని లేస్తున్నాను. టీకా వస్తే మన ఊరివాళ్లు చెయ్యి చాపుతారా, భయపడతారా అని అడిగావు. చాపుతారు నాయనా. అది నాకెలా తెలుసో చెప్పాలి. మీ అమ్మకు కూడా మొన్నటిదాకా చెప్పలేదు.

ఇరవై ఏడేళ్లుగా ఈ చుట్టుపక్కల అమ్మవారు, అదే మశూచి, సోకకుండా టీకాలు వేస్తున్నాను. ఈ ఊళ్లో పాతికేళ్లలోపు వాళ్ల చేతిమీద ఉన్న మచ్చ నేను పెట్టిందే. అందుకని జ్వరం రాగానే అందరూ నా గుమ్మంలోకే వచ్చారు. "అమ్మవారికి ఉండే మందు దీనికి ల్యాకుండా పోతాదా?" అన్నారు. లేదని చెప్పి పంపితే, దాచిపెట్టుకున్నానని గొణుక్కుంటూ పోయారు.

బసవన్న భార్య సుంకులమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. నీకంటే రెండేళ్లు చిన్నది. ఏడో నెల కడుపుతో ఉంది. వెనక వీధిలో వాళ్లమ్మ జ్వరంతో పడి ఉంది. చూలాలు జ్వరమున్న ఇంట్లో అడుగుపెట్టకూడదని చెప్పింది నేనే. జూన్ ఆఖరులో ఒక మధ్యాహ్నం సుంకులమ్మ వచ్చి మన అరుగు మీద కూర్చుంది.

"మాయమ్మకు గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదప్పా. పోతే కడుపులో బిడ్డకేమైతాదో అని భయం. పోకుంటే మాయమ్మ ఏమైతాదో అని భయం. రెండు దినాలాయ, ముద్ద దిగల్యా. నీ కొడుకు యాడో మందు చేస్తాండాడంట గదా. ఏదో ఒగటి యెయ్యి."

"వాని మందు ఇంగా కాల్యా తల్లీ."

"నీ చేతిలో సూది ఉండాది గదప్పా!" అని ఏడ్చింది.

నాకు ఆ ఏడుపు ఆపాలన్నదొక్కటే తోచింది. సూది ఉడకబెట్టి, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచి, ఆమె ఎడమ చేతిమీద పొడిచాను. "ఇంగ భయపడొద్దు, ఇంటికి పోయి ఇంత తిను" అన్నాను. తల్లి దగ్గరికి పొమ్మనలేదు. పోవద్దని కూడా అనలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. తిన్నగా తల్లి ఇంటికే పోయింది. నాలుగు రోజులు తల్లికి గంజి తాపింది, గుడ్డలు ఉతికింది. తల్లి లేచి కూర్చుంది. ఐదో రోజు సుంకులమ్మ పడింది. నాకు కబురు అంది పోయేసరికి గోడకు ఆనుకుని ఊపిరి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నీలమైపోయాయి. నన్ను చూసి, "టీకా యేసినావు గదా, తగ్గుతాది లేప్పా" అని నాకే ధైర్యం చెప్పింది. ఆదోని ఆసుపత్రికి తీసుకుపోదామని బండి కట్టేలోపే పోయింది. కడుపులో బిడ్డతోనే.

ఈ మంగళవారం ఇక పట్టలేక బసవన్న ఇంటికి పోయి, నేను వేసింది ఉత్త నీళ్లని చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను గొర్రుకు తాడు కడుతున్నాడు. కట్టిన ముడే మళ్లీ విప్పి కట్టాడు.

"ఆ యమ్మికి తెల్సా?" అని అడిగాడు చివరికి.

"తెలీదు."

"మంచిదాయ" అన్నాడు.

నిన్న పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో అతనే. భుజం మీద మూడేళ్ల కూతురు. పిల్లకు ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి.

"దీనికీ యెయ్యప్పా."

"చెప్తి గదా బసవన్నా, అది ఉత్త నీళ్లని."

"తెల్సు. నీళ్లే యెయ్యి. యేసినాక ఆ యమ్మి నాలుగు దినాలు భయం ల్యాకుండా ఉండె. నాకు ఆ నాలుగు దినాలన్నా కావల్ల."

నేను సూది పెట్టె తెరవలేదు. పిల్లను తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అంతకంటే నాకు చేతనైంది లేదు. నేను మనసు మార్చుకుంటానేమోనని బసవన్న పొద్దు వాలేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు. ఈ పూట పిల్లకు జ్వరం తగిలింది. మీ అమ్మ వాళ్లింట్లోనే ఉండి నుదుటికి తడిగుడ్డ వేస్తోంది.

నిన్ను తొందరపడమని రాయను. ఒకటే కోరతాను. అది తయారైతేనే తయారైందని రాయి. కాకపోతే కాలేదని రాయి. మమ్మల్ని ఊరడించడానికని ఒక్క చల్లని మాట కూడా రాయవద్దు.

ఇట్లు,
నీమీద ఆశ పెట్టుకోకుండా ఉండలేని
మీ నాన్న,
ప్రేమయ్య