తల ఊపినందుకు

లోగన్,
అక్టోబరు 21

హారిగన్ సిస్టర్ గారికి,

నా కూతురు టిరేసా నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. మీరు ఫైల్లో "తల్లి మేం చెప్పిన మాట వినదు" అని రాసి, దాని షుగరు జబ్బుకి పెట్టిన ఇన్సులిన్ పంపు వెనక్కి తీసుకున్నారు. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం.

దాన్ని ఆసుపత్రికి తెచ్చిన ఆ ఆదివారం మా సమోవా దీవులవాళ్ల పిల్లల పండుగ. టిరేసా తెల్ల గౌను వేసుకుంది. నడుం దగ్గర పంపు ఉబ్బెత్తుగా కనబడుతుంటే మా అత్తగారు, "దేవుడి ముందుకి ఆ నల్ల డబ్బాతో ఏంటే? తీసెయ్!" అన్నారు. స్నానానికి తీయొచ్చని మీరు చెప్పింది గుర్తొచ్చి, తీసి నా సంచిలో పెట్టాను. గంటలోపే మళ్లీ తగిలించాలని కూడా చెప్పారట. మా ఆరాధన మూడు గంటలు. ఆపైన విందు. ఆ ఒక్కరోజు పిల్లలు ముందు కూర్చుంటారు, పెద్దలం వడ్డిస్తాం. కొబ్బరిపాలలో ఉడికించిన చేమదుంపలు నా చేత్తోనే మూడుసార్లు వడ్డించాను. సాయంత్రానికి దానికి వాంతులు మొదలయ్యాయి.

పంపు ఇచ్చేముందు మీరు చెప్పిన క్లాసులో, షుగరు పెంచే తిండి చూపించే పళ్లెం బొమ్మ మీద రొట్టె ఉంది, పాస్తా ఉంది. చేమదుంప లేదు. "అర్థమైందా?" అని మీరు అడిగిన ప్రతిసారీ తల ఊపాను. నేర్పేవాళ్ల మొహం మీదే అర్థం కాలేదనడం మాలో వాళ్లని అవమానించడమే. మీ ఆరాధన ఎంతసేపని మీరు ఒక్కసారీ అడగలేదు. అర్థమైందని సంతకం మాత్రం అడిగారు.

తప్పు నాది కాదనను. "వినదు" కొట్టేసి "అర్థం కాలేదు" అని రాయండి.

నిన్న కొత్త సిస్టర్ టిరేసాకి పంపు బదులు సూది వేసుకోవడం నేర్పి, "అర్థమైందా తల్లీ?" అంది. నా బిడ్డ నవ్వుతూ తల ఊపింది.

దయచేసి నమ్మకండి.

టిరేసా తల్లి